పాత పెట్రోలు బండికి పసుపు దీపము వెలిగినప్పుడు

మన సంఘ సభ్యులలో అనేకులు కూరగాయలను, పూలను, పాలను పట్టణమునకు చేరవేయుటకై పాత పెట్రోలు వ్యానులను, కార్లను కొని వాడుచున్నారు. పది పండ్రెండేండ్లు నడచిన బండి చవుకగా దొరకును గాని, దానితోపాటు దాని రోగములును మన యింటికి వచ్చును. అట్టి రోగములలో రైతును మిక్కిలి కంగారు పెట్టుచున్నది, స్టీరింగు ఎదుటి పలకపై ఇంజను బొమ్మతో వెలుగు పసుపు దీపము. బండిని మెకానిక్కు వద్దకు తోలుకొనిపోగా అతడు స్కానరు తగిల్చి, ‘క్యాట్ పోయినది, మార్చవలయును’ అనియో, ‘సెన్సారు పోయినది’ అనియో చెప్పును. కంపెనీ కన్వర్టరు కొనవలెనన్న కొన్ని బండ్లకు పదుల వేల రూపాయలు కావచ్చును. అప్పు చేసి మార్పించిన పిమ్మట ఆరు నెలలకే ఆ దీపము మరల వెలిగినచో రైతు గతి యేమి?

మేమీ వ్యాసమున చెప్పదలచినది ఒక్క మాటయే. కన్వర్టరు తనంత తాను చచ్చుట అరుదు. దానిని చంపినది వేరొకటి యుండును. అట్లే సెన్సారు చెడువార్త చెప్పినంత మాత్రమున సెన్సారే చెడినదని తలంపరాదు. చంపినదానిని కనుగొనక కన్వర్టరును మార్చుట, వేరుకుళ్లు పట్టిన మిరపమొక్కకు ఆకులపై మందు చల్లుట వంటిది. ఆకు పసుపెక్కినది నిజమే. రోగము మాత్రము వేరునందున్నది. కావున ఏ క్రమమున పరీక్షింపవలెనో, ఏది ముందు, ఏది వెనుకయో ఇచ్చట వివరించుచున్నాము.

ఏ బండ్లకు వర్తించును

ట్రాక్టరునకును, డీజెలు జీపునకును, డీజెలు ట్రాలీ బండికిని ఈ వ్యాసమున చెప్పినది వర్తింపదు. వాని పొగను శుభ్రపరచు విధానము వేరు. ఇచ్చట చెప్పునది కంప్యూటరు నిర్ణయించిన కొలత ప్రకారము ఇంజెక్టరు ద్వారా పెట్రోలు చిమ్మెడి బండ్లను గూర్చి మాత్రమే.

మన దేశమున 1995 ఏప్రిలు నుండి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో అమ్ము కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరి చేయబడెను. సీసము కన్వర్టరునకు విషము గనుక సీసము లేని పెట్రోలు దానితోపాటే రావలసి వచ్చెను. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటను సీసము లేని పెట్రోలే అమ్మబడుచున్నది. భారత్ స్టేజి 4 ప్రమాణము 2010 ఏప్రిలులో హైదరాబాదు మొదలగు 13 నగరములలో ప్రారంభమై, 2017 ఏప్రిలు నాటికి దేశమంతటికిని వచ్చెను. 2020 ఏప్రిలు నుండి స్టేజి 6 అమలులోనున్నది.

ఈ సంవత్సరములను చెప్పుటకు కారణము కలదు. 2013 ఏప్రిలు తరువాత తయారైన స్టేజి 4 బండ్లు కన్వర్టరు పనితనమును తామే కనిపెట్టి చూచుకొనుచుండును. అందుకై కన్వర్టరునకు ముందొకటి, వెనుక నొకటి, రెండు సెన్సారులుండును. అంతకు పూర్వపు బండ్లలో పెక్కింటికి ముందరి సెన్సారు ఒక్కటే యుండును. కావున మొదట మీ బండి రిజిస్ట్రేషను పత్రమున తయారైన నెలను, సంవత్సరమును చూచుకొనుడు.

ఈ రెండు భాగములు చేయు పని

పెట్రోలు చక్కగా మండుటకు తూకమున ఒక పాలు పెట్రోలునకు 14.7 పాళ్ల గాలి కావలెను. గాలి ఎక్కువైన మిశ్రమమును ‘లీన్’ అనియు, పెట్రోలు ఎక్కువైనదానిని ‘రిచ్’ అనియు మెకానిక్కులు అందురు. అన్నము ఉడికినదా లేదా యని ఒక మెతుకు పట్టి చూచునట్లు, ఆక్సిజన్ సెన్సారు పొగగొట్టములో కూర్చుండి, మంటలో ఖర్చు కాక మిగిలిన ప్రాణవాయువు ఎంతయో చూచి కంప్యూటరునకు చెప్పుచుండును. సామాన్యముగా వాడు జిర్కోనియా సెన్సారు దాదాపు 300 డిగ్రీల వేడి యెక్కిన పిమ్మటనే పనిచేయును. మిశ్రమము రిచ్ అయినచో సుమారు 0.9 వోల్టును, లీన్ అయినచో సుమారు 0.1 వోల్టును అది పుట్టించును. కంప్యూటరు దానిని చూచి పెట్రోలు తగ్గించుచు, పెంచుచు నుండును. కావున బాగున్న ముందరి సెన్సారు వోల్టేజి ఊయలవలె పైకి క్రిందికి ఊగుచుండవలెను. ఒకేచోట నిలిచిపోయిన అనుమానింపవలెను.

కన్వర్టరు ఇనుప డబ్బాలో బిగించిన పింగాణి తేనెపట్టు. దాని సన్నని గదుల గోడలకు ప్లాటినము, పల్లాడియము, రోడియము అను విలువగల లోహములు పూయబడియుండును. పొగ ఆ గదులగుండా పోవునపుడు ప్రాణాంతకమగు కార్బన్ మొనాక్సైడు బొగ్గుపులుసు గాలిగాను, మండని పెట్రోలు ఆవిరి బొగ్గుపులుసు గాలి, నీటియావిరిగాను, నత్రజని ఆక్సైడులు సామాన్య నత్రజనిగాను మారును. ఆ పూతలో సీరియా అను పదార్థము కూడ నుండును. పంట మిగిలిననాడు గాదెలో పోసి, కరవునాడు తీసి వాడుకొనునట్లు, అది ప్రాణవాయువు అధికముగా నున్నపుడు నిలువచేసి, తక్కువైనపుడు విడుచుచుండును. ఈ గాదె సంగతి జ్ఞాపకముంచుకొనుడు. వెనుక సెన్సారు పరీక్ష యంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

కన్వర్టరును చంపునవి

మొదటిది, మిస్సింగు. ఒక సిలిండరులో ప్లగ్గు మెరుపు తప్పిన, అందలి పెట్రోలు మండకయే కన్వర్టరునకు పోయి అచ్చట మండును. దాని వేడికి పింగాణి తేనెపట్టు కరిగి ముద్దగట్టును.

ఇందొక చిక్కు కలదు. మండని సిలిండరు నుండి పెట్రోలుతోపాటు వాడబడని ప్రాణవాయువు కూడ పొగగొట్టములోనికి వచ్చును. సెన్సారు ప్రాణవాయువునే గాని పెట్రోలును చూడజాలదు. కావున ‘గాలి ఎక్కువగా నున్నది’ అని చెప్పును. కంప్యూటరు ఆ మాట నమ్మి మరింత పెట్రోలు పోయును. కన్వర్టరు మరింత కాలును. సెన్సారు అబద్ధమాడలేదు, తన కంటికి కనబడినంతవరకే చెప్పినది. ఇట్టి బండికి సెన్సారు మార్చిన ఫలమేమి?

రెండవది, ఇంజను నూనె. రింగులు అరిగిన ఇంజను నూనెను కాల్చుకొనును; నీలి పొగ వచ్చును. నూనెలోని భాస్వరము పూతపై పొరగట్టి దానిని నిరుపయోగము చేయును. హెడ్ గ్యాస్కెట్టు కారి రేడియేటరు నీరు సిలిండరులోనికి పోయినను ఇట్టి హానియే కలుగును. బండి కదలుటకు ముందు మాత్రమే గాక, వేడెక్కిన పిదప కూడ తెల్లని పొగ విడువక వచ్చుచు రేడియేటరు నీరు తరుగుచుండుట దీనికి గుర్తు.

మూడవది, చాలకాలము రిచ్‌గా నడచుట. కారుచున్న ఇంజెక్టరు, చెడిన వేడి సెన్సారు మొదలగునవి దీనికి కారణములు. మసి పట్టిన పొగగొట్టము, కుళ్లిన గ్రుడ్డు వాసన, మైలేజి తగ్గుట దీని లక్షణములు.

నాలుగవది, దెబ్బ. పొలముగట్లపై, గోతులలో బండి అడుగు తగిలిన లోపలి పింగాణి పగులును. ఇనుప డబ్బాపై సొట్ట యున్నదేమో క్రిందికి వంగి చూచిన తెలియును.

దీపము చెప్పు అంకెలు

దీపము వెలిగినపుడు కంప్యూటరులో ఒక సంకేతము నిలువయగును. స్టీరింగు క్రింద నుండు సాకెట్టునకు స్కానరు తగిల్చిన అది కనబడును. మెకానిక్కు ‘పోయినది’ అని చెప్పినపుడు, ‘ఏ అంకె వచ్చినది?’ అని తప్పక అడిగి, వచ్చిన అంకెలన్నిటిని కాగితముపై వ్రాసికొనుడు. వానిని చెరుపకముందే వ్రాసికొనవలెను. ముఖ్యమైనవి ఇవి:

పి 0130 మొదలు పి 0135 వరకు: ముందరి సెన్సారు, దాని తీగలు. ఇందు పి 0135 సెన్సారులోని హీటరును గూర్చినది.

పి 0136 మొదలు పి 0141 వరకు: వెనుక సెన్సారు. ఇందు పి 0141 దాని హీటరును గూర్చినది.

పి 0171: మిశ్రమము లీన్. పి 0172: మిశ్రమము రిచ్.

పి 0300: మిస్సింగు. పి 0301, పి 0302 మొదలగునవి ఏ సిలిండరులో మిస్సింగు కలదో చెప్పును.

పి 0420: కన్వర్టరు పనితనము ఉండవలసినంత లేదు.

పి 0420తోపాటు వేరొక అంకె యున్నయెడల, ఆ వేరొకదానినే ముందు చూడవలెను. మిస్సింగు అంకె యున్నచో మొదట అదియే. దీపము నిలుకడగా వెలుగక ఆరుచు వెలుగుచున్నచో, కన్వర్టరును కాల్చునంతటి మిస్సింగు జరుగుచున్నదని యర్థము. అప్పుడు బరువుతో బండిని తోలరాదు. వెంటనే ప్రక్కకు ఆపుట మేలు. సంతకు వేళ మించునని తోలుకొనిపోయిన, అరగంట ఆలస్యమునకు బదులు కన్వర్టరు వెలయే చెల్లింపవలసి రావచ్చును.

పరీక్షింపవలసిన క్రమము

1. కంటితో, చెవితో చూచుట. దీనికి ఖర్చు లేదు. ఉదయమున చల్లని ఇంజనును ప్రారంభించి, ఇంజను నుండి కన్వర్టరు వరకు గొట్టము వెంట చెవియొగ్గి వినుడు. టిక్కుటిక్కుమను శబ్దమో, బుసయో వినబడిన, మసి మరకలు కనబడిన, అచ్చట గొట్టము కారుచున్నది. ఒకరు గుడ్డ మడిచి వెనుక గొట్టమునకు క్షణకాలము అడ్డుపెట్టగా, మరియొకరు అతుకులపై సబ్బునీళ్లు చల్లిన బుడగలు వచ్చును. సెన్సారునకు ముందు ఇట్టి రంధ్రమున్నచో బయటిగాలి లోనికి పీల్చబడి సెన్సారు తప్పుగా ‘లీన్’ అని చెప్పును. ఇట్టి రోగము కొలది ఖర్చుతో వెల్డింగువాని యొద్దనో, కొత్త గ్యాస్కెట్టుతోనో కుదురును. తీగలు గొట్టమునకు తగిలి కాలినవేమో, ఎలుకలు కొరికినవేమో కూడ చూడవలెను. పల్లెలో బండి నిలుపు కొట్టములలో ఎలుకల బాధ తక్కువది కాదు.

2. మిస్సింగు చూచుట. ప్లగ్గులు తీసి చూడుడు. వైర్లు లేక ఒక్కొక్క ప్లగ్గుపై ఒక్కొక్క కాయిలు గల బండియైనచో, మిస్సింగున్న సిలిండరు కాయిలును ప్రక్కదానికి మార్చి బండిని నడుపుడు. పి 0301 పోయి పి 0302 వచ్చినచో కాయిలే దోషియని తేలును. క్రొత్త సామాను కొనకయే కనిపెట్టు ఉపాయమిది. కాని పరీక్షించుటకని ప్లగ్గు వైరు లాగి ఇంజనును చాలసేపు నడుపరాదు. అదియే కన్వర్టరును కాల్చును.

3. ఫ్యూయల్ ట్రిమ్ చూచుట. కంప్యూటరు తాను ముందుగా లెక్కించిన పెట్రోలునకు ఎంత కలిపినది, ఎంత తీసివేసినది స్కానరుపై శాతములలో కనబడును. స్వల్పకాలపు అంకె, దీర్ఘకాలపు అంకె రెండును కలిపి కూడికగుర్తుతో 10 శాతము మించినచో లీన్ వైపునను, తీసివేతగుర్తుతో 10 శాతము మించినచో రిచ్ వైపునను కారణమును వెదకవలెను. ఇంజను వట్టిగా నడచునపుడు మాత్రమే లీన్‌గా నుండి, వేగము పెంచగా సరియైనచో గాలి పీల్చు గొట్టములలో చీలిక యుండవచ్చును. వేగము పెంచగా లీన్ అధికమైనచో పెట్రోలు పంపు బలహీనత, ఫిల్టరు మూసికొనుట చూడవలెను.

ఇచ్చట పెట్రోలు మార్పును కూడ గమనింపవలెను. మన చెరకు, మొక్కజొన్న, నూకల నుండి చేయు ఇథనాలును పెట్రోలులో కలుపుట పెరిగి, 2025 నాటికి 20 పాళ్లు కలిసిన పెట్రోలు దేశమున దాదాపు అంతటను వాడుకలోనికి వచ్చినది. ఇథనాలులోనే కొంత ప్రాణవాయువు కలదు గనుక, ఈ పెట్రోలు ఒక పాలునకు సుమారు 13.5 పాళ్ల గాలియే చాలును. పాత బండి కంప్యూటరు తక్కువ ఇథనాలునకు లెక్కగట్టినదగుటచే, సెన్సారు మాట విని మరికొంత పెట్రోలు కలుపుకొనును. కావున పాత బండిలో ట్రిమ్ కొన్ని శాతములు అధికముగా కనబడుట ఒక్కటే రోగము కాదు. కాని గొట్టము కారుటయో, పంపు బలహీనతయో ముందే కొంత యున్న బండికి ఈ మార్పు తోడై పి 0171 దీపమును వెలిగింపవచ్చును. అప్పుడు సెన్సారును నిందింపక, ఆ మొదటి లోపమును సరిచేయవలెను.

4. ముందరి సెన్సారు. పి 0135 వచ్చినచో మొదట ఫ్యూజు చూడుడు. పిదప ఇంజను చల్లారిన తరువాత కనెక్టరు విప్పి, ఒకే రంగు గల రెండు హీటరు తీగల మధ్య ఓములు కొలువుడు. సామాన్యముగా 3 మొదలు 15 ఓముల లోపల నుండును. మీటరు ఏమియు చూపకున్న హీటరు తీగ లోపల తెగినది. అప్పుడు సెన్సారు మార్చవలసినదే. సంకేతపు తీగకు మాత్రము ఓముల కొలత పెట్టరాదు.

వోల్టేజి చూచుటకు కనెక్టరు తగిలించియే, వెనుకనుండి సన్నని సూదితో సంకేతపు తీగను తాకి, డిజిటల్ మల్టీమీటరుతో కొలువవలెను. ఇంజనును 2500 చుట్ల వేగమున రెండు నిమిషములు నడిపి వేడెక్కింపుడు. వోల్టేజి 0.1కిని 0.9కిని మధ్య విడువక ఊగుచుండవలెను. ఆక్సిలరేటరు ఒక్కమారు గట్టిగా త్రొక్కిన 0.8 దాటవలెను, వదలిన వెంటనే 0.1 దగ్గరకు పడవలెను. ఇట్లు రెండు వైపులకును చురుకుగా కదలినచో సెన్సారు మంచిది. అది చెప్పుచున్న మాట నమ్మదగినది. 0.1 వద్దనే యుండి, త్రొక్కినపుడు మాత్రము పైకి లేచినచో, సెన్సారు మంచిదే, ఇంజనే లీన్. త్రొక్కినను కదలకున్న తీగలును, సెన్సారును చూడవలెను. 0.45 దగ్గర నిలిచిపోయిన, సెన్సారు వేడెక్కలేదనియో, తీగ తెగినదనియో అనుమానింపవలెను. కొన్ని బండ్లకు వేరు జాతి సెన్సారులుండును; వానికీ వోల్టు లెక్క చెల్లదు. అట్టివానిని స్కానరుపైననే చూడవలెను.

5. వెనుక సెన్సారు. ఇది కన్వర్టరునకు సాక్షి. గాదె నిండుగా నున్నచో ముందరి ఒడిదుడుకులు వెనుకకు తెలియవు గదా. కన్వర్టరు బాగున్న, వేడెక్కిన బండి ఒకే వేగమున పోవునపుడు వెనుక సెన్సారు సుమారు 0.6, 0.7 వోల్టుల వద్ద నిలుకడగా నుండును. ముందరి సెన్సారుతో సమానముగా అదియు ఊగుచున్నచో, కన్వర్టరు ప్రాణవాయువును నిలువచేయు శక్తి కోల్పోయినదని యర్థము. గొట్టము కారుట, మిస్సింగు, ట్రిమ్ దోషము ఏవియు లేవని తేలిన పిదప ఈ లక్షణము కనబడిననే కన్వర్టరు పోయినదని నిశ్చయింపవలెను.

6. మూసికొనుట. కొన్ని కన్వర్టరులు పని మానివేయుటయే గాక దారి కూడ మూయును. బరువుతో మెట్ట ఎక్కునపుడు ఇంజను లాగక, వెనుక గొట్టమునుండి పొగ బలహీనముగా వచ్చుట దీని గుర్తు. చల్లారిన కన్వర్టరును రబ్బరు సుత్తితో మెల్లగా తట్టిన గలగల శబ్దమైనచో లోపలి పింగాణి విరిగినది. ఇంకను నిశ్చయము కావలెనన్న ముందరి సెన్సారు విప్పి ఆ రంధ్రమున ఒత్తిడి మీటరు బిగించి చూడవలెను. ఇంజను వట్టిగా నడచునపుడు చదరపు అంగుళమునకు ఒకటిన్నర పౌనుకును, 2500 చుట్ల వద్ద మూడు పౌనులకును మించరాదు.

ఒక యుదాహరణము

ఒక వ్యానునకు పి 0301, పి 0171, పి 0420 మూడును వచ్చినవనుకొందము. తొందరపడినవాడు మూడంకెలకు మూడు సామానులు, అనగా ప్లగ్గు, సెన్సారు, కన్వర్టరు కొనును. ఆలోచించినవాడు ఒకే తీగను మూడింటిలో చూచును. మొదటి సిలిండరు కాయిలు చెడినది, అందుచే ప్రాణవాయువు మిగిలినది, సెన్సారు లీన్ అని చెప్పినది, కంప్యూటరు పెట్రోలు పెంచినది, కన్వర్టరు శ్రమపడినది. అతడు కాయిలు మార్చి, అంకెలు చెరిపించి, కొన్ని దినములు రహదారిపై బండిని తోలి చూచును. కన్వర్టరు మసి పట్టినదే గాని కరుగనిదైనచో, ఆ వేడికి మసి కాలి కొంత కోలుకొనవచ్చును. పి 0420 మరల రాకున్న పెద్ద ఖర్చు తప్పినది. మరల వచ్చినను అతనికి నష్టము లేదు; ఏలయన, ఇప్పుడు కొను క్రొత్త కన్వర్టరు బ్రతుకునని అతనికి ధైర్యము కలదు.

సెన్సారు మార్చునపుడు

పాత సెన్సారు మొనను పారవేయకముందు చూడుడు. నల్లని మసి రిచ్‌కును, తెల్లని పొడి సిలికాన్ జిగురునకును, నూనె మడ్డి ఇంజను అరుగుదలకును గుర్తులు. క్రొత్తదాని మొనను తాకరాదు, పెట్రోలుతో కడుగరాదు. మరలకు మాత్రమే పట్టకుండునట్టి లేపనము రాయవలెను. తీగలను కత్తిరించి సీసముతో అతుకుట మంచిది కాదు. పెక్కు సెన్సారులు తీగల సందున బయటిగాలిని పీల్చును. ఇంజను అతుకులకు సామాన్య సిలికాన్ జిగురు వాడినచో సెన్సారు చెడును. సెన్సారునకు హాని చేయదని డబ్బాపై వ్రాసినదానినే కొనవలెను.

కన్వర్టరు నిజముగా పోయినచో

‘లోపలిది పగులగొట్టి వట్టి డబ్బా బిగించెదము, ఖర్చుండదు’ అని చెప్పువారు కలరు. దీనిని అంగీకరింపరాదు. అట్టి బండి పొగ పరీక్షలో నిలువదు. భారత్ స్టేజి 2, 3 పెట్రోలు కార్లకు వట్టి నడకలో కార్బన్ మొనాక్సైడు 0.5 శాతము, హైడ్రోకార్బనులు 750 పి.పి.ఎం. మించరాదు, స్టేజి 4 వానికి 0.3 శాతము, 200 పి.పి.ఎం. హద్దు. పదునైదేండ్లకు రిజిస్ట్రేషను పొడిగింపునకు పోయినపుడు కూడ ఇది అడ్డువచ్చును. చట్టపు మాట యటుండగా, ఆ విషపు పొగను మొదట పీల్చువారు సంతలో మన బండి వెనుక నిలిచియుండు మన తోటివారే.

రెండవ హెచ్చరిక: పాత కన్వర్టరును మెకానిక్కు వద్ద వదలిపెట్టరాదు. అందు కొలది గ్రాములైనను విలువగల లోహములుండుటచే పాతసామాను వ్యాపారులు దానిని కొందురు. దానిని మీరు అడిగి తీసికొని, ఒకరిద్దరి వద్ద ధర విచారించి అమ్మిన, క్రొత్తదాని ఖర్చులో కొంత తిరిగి వచ్చును. క్రొత్తది కొనునపుడు మిక్కిలి చవుకగా దొరకువానిలో ఆ లోహములు తక్కువగా నుండవచ్చునని తెలిసికొని, హామీ పత్రముతో కొనవలెను.

రెండు ప్రమాదములు

కన్వర్టరు పనిచేయునపుడు కొన్ని వందల డిగ్రీల వేడి యుండును. మిస్సింగున్న బండిలో ఆ వేడి ఇంకను పెరుగును. కళ్లమున వరిగడ్డిపైనను, ఎండిన వేరుసెనగ కట్టెపైనను, గడ్డివాము ప్రక్కను అట్టి బండిని నిలుపరాదు. అడుగున గడ్డి తగిలిన అంటుకొనును. బండియు, వామియు రెండును పోవును.

మరియొకటి, తలుపులు మూసిన కొట్టములో ఇంజను నడుపుచు పరీక్షింపరాదు. కార్బన్ మొనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. కన్వర్టరు చెడిన బండిలో అది మరియు నధికము. పరీక్షలన్నియు ఆరుబయటనే చేయవలెను.

సంఘము చేయదగినది

పైన చెప్పిన పరీక్షలకు కావలసినవి ఒక స్కానరు, ఒక డిజిటల్ మల్టీమీటరు, ఒక రబ్బరు సుత్తి, సబ్బునీళ్లు. ఒత్తిడి మీటరు అరుదుగా గాని అక్కరలేదు. ఒక్క రైతు వీనినన్నిటిని కొనుట భారము గాని, విత్తనపు జల్లెడను, స్ప్రేయరును ఉమ్మడిగా ఉంచుకొన్నట్లు, సంఘము తరఫున ఒక జత కొని గుమాస్తా వద్ద నుంచినచో పెట్రోలు బండ్లు గల సభ్యులందరకు ఉపకరించును. ఏ బండికి ఏ అంకె వచ్చినది, ఏమి చేయగా పోయినది ఒక పుస్తకమున వ్రాసియుంచిన, తరువాతి వానికి దారి తెలియును. రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని సభ్యులు ఆలోచింపవలెనని మా మనవి. అంతవరకు పసుపు దీపము వెలిగిన సభ్యులు, సామాను కొనుటకు ముందు ఆ అంకెను కాగితముపై వ్రాసికొని సంఘ కార్యాలయమునకు తెచ్చినచో, ఏ పరీక్ష ముందు చేయవలెనో చూచి చెప్పుటకు మేము సిద్ధముగా నున్నాము.